గోడలు నిజం, టిక్కీలు మోసం: రెండు సీజన్లు తిరిగిన పహరా బండి

గుంటూరులో మా బావగారి మిర్చి గొడౌన్‌కి రాత్రి కాపలా కోసం నేనే కట్టిన, తనంతట తానే తిరిగే రోబో బండి ఇది. రాస్‌బెర్రీ పై అనే చిట్టి కంప్యూటరు, ఈఎస్‌పీ32 చిప్పు, కెమెరా, బ్యాటరీ అందరూ పెట్టేవే, వాటి జోలికి పోను. నా గొడవంతా పైన గిర్రున తిరిగే చిన్న డబ్బాతోనే: ఆర్‌పీలైడార్ ఏ1, అంటే లేజరుతో చుట్టూ దూరాలు కొలిచే సెన్సారు.

మొదటి వారం దాని మీద మనసు పారేసుకున్నాను, అబద్ధమెందుకు. సెకనుకు ఐదారు చుట్లు తిరుగుతూ, 12 మీటర్ల దాకా దూరాలు కొలుస్తూ చిమ్మచీకట్లో గొడౌన్ పటం గీసేసింది. గోడలు, స్తంభాలు, షట్టరు అన్నీ తెర మీద నల్లగీతలుగా వచ్చాయి. అది చూసి బావగారు "ఇక వాచ్‌మన్‌తో పనిలేదు బామ్మర్దీ" అన్నారు. నేనూ తలూపాను.

తరవాత సీజన్ మొదలైంది.

పటం గీసిన రోజు తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) మూడు లాట్లుగా పేర్చి ఉన్నాయి. లైడారుకి టిక్కీ ఏదో గోడ ఏదో తెలియదు, అన్నీ గీతలే. ఒక సాయంత్రం ముఠా కూలీలొచ్చి నడిమి లాటు మొత్తం లారీకెత్తేశారు. ఆ రాత్రి ఒంటిగంట దాటాక వాచ్‌మన్ తాత ఫోన్ చేశాడు. "బాబూ, నీ బండి ఉన్నచోటే గింగిరాలు తిరుగుతోంది. గాలిగానీ సోకిందేమో, ఒకసారి రా."

వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచి చూద్దును కదా, బండి వెనక గోడ దగ్గరుంది, తానేమో షట్టరు పక్కనే ఉన్నాననుకుంటోంది. దానికి గుర్తున్న లాటు లేదు. మిగిలిన రెండు లాట్ల పక్క సందులూ కవల పిల్లల్లా ఉన్నాయి. దారి తప్పితే నిలబడ్డ చోటే తిరిగి చుట్టూ చూడమని నేవిగేషన్ ప్రోగ్రాములోనే ఉంటుంది, దెయ్యమేం కాదని చెప్పాను. తాత నమ్మలేదు.

పటమంటే చివరికి ఒక బొమ్మ ఫైలే. మర్నాడు దాన్ని ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి టిక్కీలన్నీ చెరిపేసి, గోడలూ స్తంభాలూ మాత్రం ఉంచాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. సరుకు నిండుగా దిగాక ఆ గోడలే కనబడకుండా పోయాయి. ఇలా కాదని ఒక్కో స్తంభానికి నాలుగు వైపులా ఏప్రిల్‌ట్యాగ్ చీటీలు (క్యూఆర్ కోడ్ లాంటి నలుపు తెలుపు గుర్తులు) అంటించి, బండికి చిన్న ఎల్‌ఈడీ పెట్టాను. ఇప్పుడు కెమెరా ఆ చీటీ చదివి చోటు సరిచేసుకుంటుంది. కారం ధూళి పట్టి చీటీలు ఎర్రబడితే తుడవాలి, అంతే. అంటే మొదట్లో నేను లైడారుకిచ్చిన మార్కుల్లో సగం చీటీలకి చెందాలి.

ఈ ఏ1కి మోటారు రబ్బరు బెల్టు బయటికే ఉంటుంది. ధూళి పేరుకుని ఒకసారి బెల్టు జారింది. బ్రష్షుతో దులిపినంతసేపూ నాకు తుమ్ములే. పైగా అది చూసేది తన ఎత్తులో ఉన్నదాన్నే. నేలకి ఆనించిన ట్రాలీని చూడకుండా పోయి గుద్దింది, అప్పుడు ముందువైపు బంపర్ స్విచ్ పెట్టాను. 2017లో వాషింగ్టన్‌లో ఒక కాపలా రోబో ఫౌంటెన్‌లో పడిందంటే అందరితో పాటు నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇంకో మాట: ఒంటి వేడిని బట్టి మనిషి కదలికని పసిగట్టే పీఐఆర్ సెన్సారుని మే నెలలో నమ్ముకోకండి. ఒంటి వేడికీ గొడౌన్ వేడికీ తేడా తగ్గిపోతే దానికి మనిషి ఆనడు.

కట్టుకోమంటారా అంటే ఏం చెప్పను? మాది సిమెంటు నేల, మా ఇల్లు పక్క వీధిలోనే, సోల్డరింగ్ నాకు సరదా. ఇవేవీ లేకపోతే ఆలోచించుకోండి. దొంగని పట్టిందా అంటే, ఈ రెండేళ్లలో దొంగ రాలేదు. వాచ్‌మన్‌ని మాన్పించలేదు, బండి ఇరుక్కుంటే లాగేది ఆయనే. కాకపోతే చివరి సందులో చప్పుడైతే ఇప్పుడు ముందు బండిని పంపి ఫోన్‌లో చూస్తాడు.

గాలి సంగతి మాత్రం ఆయన మర్చిపోలేదు. మొన్న అమావాస్యకి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కెమెరా కడ్డీకి వేలాడగట్టాడు. అవి లైడారు ముందు ఊగుతుంటే, ఎదురుగా ఏదో అడ్డం ఉందని బండి అడుగు తీసి అడుగు వేయలేదు. విప్పుతానంటే ఒప్పుకోలేదు, కిందికి జరిపి కట్టాను.