సమ్మతి వయసు 18 మేలా, 16 మేలా?

సమ్మతి వయసు, అంటే లైంగిక సంబంధానికి ఇచ్చే ఒప్పుకోలు చట్టం ముందు చెల్లే వయసు మీద చర్చ వస్తే మనవాళ్లు ముందుగా అంకెలు తీస్తారు. జర్మనీలో 14, ఫ్రాన్స్‌లో 15, కెనడా, బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో 16, మన దగ్గర 18. అంకె పెద్దదైతే పిల్లలకు రక్షణ ఎక్కువని అనిపిస్తుంది. కానీ చట్టంలో మినహాయింపులు ఎవరికిచ్చారు, బడిలో పిల్లలకు ఏం చెబుతున్నారు అన్నవి కూడా చూడాలి.

చట్టం వరకు నా ఓటు కెనడాకు. అక్కడ 2008 దాకా 14 ఉండేది. పెద్దవాళ్లు పిల్లల్ని మభ్యపెట్టి వాడుకోకుండా దాన్ని 16 చేశారు. అయితే 14, 15 ఏళ్ల వాళ్ల విషయంలో అవతలి వ్యక్తికి ఐదేళ్ల కన్నా తక్కువ తేడా ఉంటే నేరంగా చూడరు. అదే టీచరో కోచో అయితే ఈ మినహాయింపు వర్తించదు, పైగా హద్దు 18కి పెరుగుతుంది. అంటే ఆ చట్టం ఇద్దరి మధ్య బలాబలాలను చూస్తుంది.

మన దగ్గర 2012లో పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వచ్చి 16ను 18 చేసింది. పిల్లలపై అత్యాచారం కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి, కాబట్టి గట్టి చట్టం ఉండాల్సిందే. బాధేమిటంటే, పదిహేడేళ్ల అమ్మాయి పంతొమ్మిదేళ్ల అబ్బాయితో ఇష్టపడి వెళ్లిపోయినా అవే సెక్షన్లు. కులం వేరైతే అమ్మాయి ఇంటివాళ్లకు ఆ కేసే ఆయుధం. 'నా ఇష్టంతోనే వెళ్లాను' అని ఆ పిల్ల చెప్పినా చట్టం లెక్కలోకి తీసుకోదు. 2023లో చట్టాలపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ వయసు తగ్గించొద్దంటూనే, 16–18 మధ్య కేసుల్లో శిక్ష తగ్గించే విచక్షణ జడ్జికి ఇవ్వమంది. అది చాలదు. తీర్పు వచ్చేసరికి ఆ అబ్బాయి జైలూ చూసి ఉంటాడు, చదువూ పోయి ఉంటుంది. 18ని అలాగే ఉంచి, వయసు తేడా మినహాయింపును చట్టంలోనే రాయాలి.

జపాన్ 1907 నాటి 13ను 2023లో 16 చేసింది, ఐదేళ్ల తేడా నిబంధనా పెట్టింది. కానీ అక్కడి పాఠ్యప్రణాళిక గర్భం ఎలా వస్తుందో మాధ్యమిక తరగతుల్లో వివరించనివ్వదు.

బడి విషయంలో నెదర్లాండ్స్ ముందుంది. 2012 నుంచి ప్రాథమిక స్థాయిలోనే లైంగిక విద్య తప్పనిసరి. చిన్నపిల్లలకు చెప్పేది ఒంటి భాగాల పేర్లు, నచ్చని స్పర్శను వద్దనడం, స్నేహాలు. మిగతావి వయసును బట్టి. టీనేజ్ ప్రసవాలు అతి తక్కువగా ఉన్న దేశాల్లో అదొకటి. గర్భనిరోధక సాధనాలు, డాక్టరు సలహా తేలిగ్గా దొరకడం కూడా అందుకు కారణమే.

మనకు బడిలో టీనేజ్ పిల్లలకు ఈ విషయాలు చెప్పే కౌమార విద్యా కార్యక్రమం వచ్చింది కానీ, 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు సంస్కృతి పేరుతో అడ్డుకున్నాయి. తెలుగు బడుల్లో పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం ఉంది. 'ఇది ఇంట్లో చదువుకోండి' అని దాటేసే టీచర్లూ ఉన్నారు. తప్పు పూర్తిగా వాళ్లదీ కాదు, శిక్షణ లేదు, పైగా తల్లిదండ్రులు గొడవకు వస్తారని టెన్షన్. పిల్లలు మాత్రం ఆ లోటును ఫోన్లో పూడ్చుకుంటున్నారు, అది మరీ ప్రమాదం. సమగ్ర లైంగిక విద్య అవసరమని సుప్రీంకోర్టు కూడా 2024లో చెప్పింది.

చట్టం మారాలంటే పార్లమెంటు కదలాలి. ఆ పాఠాన్ని క్లాసులో పూర్తిగా చెప్పమని అడగడానికి మాత్రం వచ్చే పేరెంట్స్ మీటింగ్ చాలు.