మోకాలు, భుజం ఆపరేషన్లు: ఏది నమ్మదగ్గది, ఎక్కడ తొందరపడకూడదు

కీళ్ల ఆపరేషన్లన్నిటినీ ఒకే గాటన కట్టి మంచివనో చెడ్డవనో తేల్చలేం. మోకాలికి చేసేవాటిలో కొన్నిటి ఫలితం పాతికేళ్లు నిలుస్తుంది. మరికొన్ని, చర్మం మీద గాటు పెట్టి లోపల ఏమీ చేయకుండా కుట్టేసినదానికన్నా మేలు చేయలేదని పరీక్షల్లో బయటపడ్డాయి. భుజం విషయంలోనూ ఇంతే. అందుకే ఒక్కోదాన్నీ విడిగా చూడాలి. అది ఏ బాధను తీస్తుంది, ఏది తీయలేదు, చెడితే ఎందుకు చెడుతుంది అన్నవే అసలు ప్రశ్నలు.

మోకీలు పూర్తి మార్పిడి

ఇక్కడ చెప్పబోయేవాటిలో అన్నిటికన్నా ధైర్యంగా సిఫారసు చేయదగ్గది ఇదే. అయితే అది అందరికీ కాదు. గుజ్జు పూర్తిగా అరిగి, ఎక్స్‌రేలో ఎముకా ఎముకా ఆనుకుని కనిపిస్తూ, నడకనీ నిద్రనీ కూడా పాడుచేసే నొప్పి ఉన్నవారికి. కీలు మొత్తం కోసి పారేస్తారన్న భయం అక్కర్లేదు. తొడ ఎముక చివర నుంచీ, కాలి ఎముక పై అంచు నుంచీ ఒక సెంటీమీటరు అటూఇటూ మందం మాత్రమే కోస్తారు. తొడ ఎముకకి సాధారణంగా కోబాల్ట్-క్రోమియం తొడుగు, కింద లోహపు పళ్లెం, మధ్యలో పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ ముక్క వస్తాయి. ఎక్కువ మందికి వీటిని బోన్ సిమెంటుతో అతికిస్తారు.

ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకి మంచి జవాబు ఉంది. చేసిన ప్రతి ఆపరేషన్‌నీ నమోదు చేసే దేశాల స్థాయి రిజిస్ట్రీల లెక్కలు కలిపి 2019లో వేసిన అంచనా ప్రకారం, 25 ఏళ్ల తర్వాత కూడా సుమారు 82 శాతం కీళ్లు మళ్లీ మార్చాల్సిన అవసరం లేకుండా ఉన్నాయి. మరి తృప్తి సంగతి? సుమారు అయిదుగురిలో ఒకరు పూర్తిగా తృప్తి పడటం లేదు. ఇందులో లోహం తప్పు తక్కువ, ఎంపిక తప్పు ఎక్కువ. అరుగుదల ఇంకా తక్కువగా ఉండగానే చేయించుకున్నవారికి, తుంటి నుంచో నడుము నరం నుంచో వచ్చే నొప్పిని మోకాలి నొప్పి అనుకున్నవారికి, కొత్త కీలు ఎంత చక్కగా కూర్చున్నా నొప్పి అలాగే ఉంటుంది. ఆపరేషన్ నిర్ణయానికి ముందు తుంటిని ఒక్కసారి తిప్పి చూడని పరీక్షను పూర్తి పరీక్ష అనుకోకండి.

ఎక్కువగా వేధించే సమస్య బిగుసుకుపోవడం. మామూలుగా నడవడానికి మోకాలు 65 నుంచి 70 డిగ్రీలు ముడుచుకుంటే సరిపోతుంది. మెట్లకి 90 దాకా, తక్కువ ఎత్తు కుర్చీలోంచి లేవడానికి 100కి పైగా కావాలి. అందరి చూపూ ముడవడం మీదే ఉంటుంది, కానీ నిటారుగా చాపలేకపోవడం ఇంకా పెద్ద నష్టం. పది డిగ్రీలు వంగి ఉండిపోయిన మోకాలితో నడిస్తే ప్రతి అడుగులోనూ తొడ కండరం బరువు మోస్తూనే ఉండాలి, తొందరగా అలిసిపోతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకోవడం. దిండు మడమ కింద పెట్టాలి, మోకాలి వెనకభాగం గాలిలో ఉండి తనంత తాను చాచుకోవాలి. ఆరు వారాలకి కూడా 90 డిగ్రీలు రాకపోతే మత్తు ఇచ్చి వంచే పద్ధతి ఉంది. అది మూడు నెలల లోపు చేస్తేనే బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత లోపలి మచ్చకణజాలం గట్టిపడి, బలవంతంగా వంచితే ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుంది. కాలిని దానంతట అదే కదిపే సీపీఎం యంత్రం మీద డబ్బు పెట్టడం దండగ. అది తెచ్చే తేడా రెండు మూడు డిగ్రీలే. మనిషి తన కండరంతో తాను చేసే వ్యాయామానికి అది బదులు కాదు.

ఇన్ఫెక్షన్ నూటికి ఒకరిద్దరికే వస్తుంది, కానీ వస్తే దీన్ని మించిన కష్టం లేదు. లోహం మీద సూక్ష్మజీవులు పలచని పొర కట్టుకుంటాయి, మందు ఆ పొరలోకి సరిగా చొరబడదు. అయిదు నుంచి ఏడు రోజులు దాటినా కుట్ల నుంచి ఊట కారుతుంటే అది "కాస్త తడి" కాదు, ఆ రోజే సర్జన్‌కి చూపించాలి. ఆ దశలో యాంటీబయాటిక్ మాత్రలతో సర్దిపెట్టడమే అన్నిటికన్నా చేటు చేసే పని. మాత్రల వల్ల లక్షణాలు అణగిపోతాయి, ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది దొరకదు, విలువైన వారాలు పోతాయి. మొదటి మూడు నాలుగు వారాల్లో పట్టుకుంటే కీలు తెరిచి, కడిగి, ప్లాస్టిక్ ముక్క మాత్రం మార్చి లోహాన్ని కాపాడే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే చాలామందికి మొత్తం తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముక్క పెట్టి, వారాల పాటు మందులు వాడి, మళ్లీ కొత్త కీలు వేయాల్సి వస్తుంది. తగ్గించుకోగల ముప్పులు ముందే తగ్గించుకోవాలి. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీని (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) ఎనిమిది లోపుకి తేవాలి, పొగ మానాలి, చిగుళ్లలోనో కాలి వేళ్ల సందుల్లోనో చీము, పుండు ఉంటే ముందు నయం చేసుకోవాలి. మూడు నెలల లోపు మోకాల్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే సర్జన్‌కి చెప్పాలి.

కొన్నిటికి కంగారు పడక్కర్లేదు. మోకాలు మూడు నుంచి ఆరు నెలలు వెచ్చగా, కొంచెం వాపుగా ఉంటుంది. నడిచేటప్పుడు లోహం, ప్లాస్టిక్ తగిలి టిక్కుమంటుంది. కోతకి బయటి వైపు అరచేతంత మేర తిమ్మిరి ఉంటుంది, అక్కడి చర్మపు సన్న నరం కోతలో తెగడం వల్ల. అది చిన్నదవుతుంది కానీ పూర్తిగా పోకపోవచ్చు. మోకాళ్ల మీద ఆనడం చాలామందికి ఎప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పని సర్జన్ల మీద నాకు నిజంగా ఫిర్యాదు ఉంది. పిక్క గట్టిపడి నొప్పి, ఒక కాలు మాత్రమే ఉబ్బడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు మాత్రం రక్తం గడ్డకట్టిన గుర్తులు. గంటలు కూడా ఆగకూడదు. ఆపరేషన్ తర్వాత పాదం పైకి లేపలేకపోతే కట్టు వెంటనే వదులు చేసి, మోకాలిని కొంచెం వంచి ఉంచి, సర్జన్‌ని పిలిపించాలి. బాగా వంకరపోయిన, చాలాకాలం వంగి ఉండిపోయిన మోకాళ్లని సరిచేసినప్పుడు పక్కనున్న నరం సాగి ఇలా అవుతుంది.

కీలులో ఒక పక్క మాత్రమే అరిగితే సగం మార్పిడి చేస్తారు. కోలుకోవడం త్వరగా, కదలిక సహజంగా ఉంటుంది, కానీ మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం పూర్తి మార్పిడికన్నా బాగా ఎక్కువ. రోబో సాయంతో చేస్తే కోతల కొలతలు మరింత కచ్చితంగా వస్తాయన్నది నిజం. దాని వల్లే రోగి నొప్పి, నడక స్పష్టంగా మెరుగవుతాయని చెప్పే రుజువు ఇంకా బలంగా లేదు. సర్జన్ ఏటా ఎన్ని చేస్తారన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకోవడం గుండె, ఊపిరితిత్తులు గట్టిగా ఉన్నవారికే.

అరిగిన మోకాల్లో కీహోల్ "క్లీనింగ్"

సిఫారసు చేయను. అరుగుదల ఉన్న మోకాలిని కడిగి శుభ్రం చేయడం ఉత్తుత్తి ఆపరేషన్‌ని మించలేదని 2002లోనే అమెరికాలో తేలింది. నడివయసులో అరుగుదల వల్ల చిరిగిన మెనిస్కస్‌ని, అంటే మోకాల్లో ఎముకల మధ్య ఉండే మెత్తని అర్ధచంద్రం లాంటి దిండుని, కత్తిరించడం కూడా అంతేనని 2013లో ఫిన్లాండ్ పరీక్ష చూపింది. ఎంఆర్‌ఐలో "చిరుగు" అని రాసి ఉండటం ఒక్కటే కారణం కాదు, నొప్పి లేనివారి మోకాళ్లలోనూ ఆ వయసులో చిరుగులు కనిపిస్తాయి. మెనిస్కస్ ముక్క మడతపడి మోకాలు నిజంగా లాక్ అయిపోయినప్పుడు, అంటే చాపుదామన్నా చాపలేనప్పుడు, లెక్క వేరు. కుర్రవాళ్లలో దెబ్బ తగిలి చిరిగిన మెనిస్కస్‌ని కుట్టడమూ వేరు. అక్కడ ఆలస్యమే తప్పు.

ఏసీఎల్ ఆపరేషన్

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి పట్టి ఉంచే లిగమెంట్. అది తెగిన ప్రతివారికీ ఆపరేషన్ తప్పనిసరి కాదు. స్వీడన్‌లో 121 మంది యువతీ యువకుల మీద జరిగి 2010లో తొలి ఫలితాలు వెలువడిన పరీక్షలో, ముందు వ్యాయామం, అవసరం పడితేనే ఆపరేషన్ అన్న దారిలో వెళ్లినవారిలో దాదాపు సగం మంది అయిదేళ్ల తర్వాత కూడా ఆపరేషన్ లేకుండానే ఉన్నారు. మోకాలు మాటిమాటికీ జారిపోయేవారికీ, గిరుక్కున తిరిగే ఆటలు ఆడేవారికీ మాత్రం ఇది మంచి ఆపరేషన్.

తెగినదాని బదులు పెట్టే స్నాయువు ముక్కని, అంటే గ్రాఫ్ట్‌ని, ఎక్కడి నుంచి తీస్తారన్నది బట్టి ఇబ్బంది మారుతుంది. మోకాలి చిప్ప కింది పట్టీ నుంచి తీస్తే గ్రాఫ్ట్ బలంగా పట్టుకుంటుంది, కానీ ముందు భాగంలో నొప్పి, మోకాళ్ల మీద ఆనలేకపోవడం ఉంటాయి. తొడ వెనక హామ్‌స్ట్రింగ్ నుంచి తీస్తే ముందు నొప్పి తక్కువ, బాగా ముడిచే బలం కొంచెం తగ్గుతుంది. దెబ్బ తగిలిన వెంటనే, వాపు మీద ఉన్న మోకాలికి ఆపరేషన్ చేయిస్తే బిగుసుకుపోయే ముప్పు ఎక్కువ. వాపు తగ్గి, మోకాలు పూర్తిగా చాచుకుని, తొడ కండరం పట్టు దొరికాకే టేబుల్ ఎక్కాలి.

తిరిగి ఆటలోకి దిగే తొందర గ్రాఫ్ట్‌ని తెంపుతుంది. కొత్త గ్రాఫ్ట్ మొదట చచ్చిన తాడులాంటిది. దానిలోకి రక్తనాళాలు పెరిగి లిగమెంట్‌గా మారడానికి నెలలు పడుతుంది, ఆ మధ్యకాలంలో పెట్టిన నాటికన్నా బలహీనంగా ఉంటుంది. నొప్పి పోయిందన్నది దానికి కొలత కాదు. కనీసం తొమ్మిది నెలలు ఆగాలి, తొడ బలం, ఒంటికాలి గెంతు రెండో కాలితో పోలిస్తే 90 శాతం దాటాలి. ఆటకి తిరిగి వెళ్లిన పాతికేళ్ల లోపువారిలో అయిదుగురిలో ఒకరికి పైగా అదే మోకాలో రెండో మోకాలో మళ్లీ తెగుతోంది. ఆపరేషన్ చేయించుకున్నా భవిష్యత్తులో అరుగుదల రాదన్న హామీ లేదు. నెలలు గడిచినా చివరి అయిదు డిగ్రీలు చాపలేకపోతే, గ్రాఫ్ట్ ముందు చిన్న కండలాంటి ముద్ద పెరిగి అడ్డుపడుతుండొచ్చు. దాన్ని తీసేస్తే మోకాలు తెరుచుకుంటుంది.

భుజం: ఎముక గీకడం, రొటేటర్ కఫ్ కుట్టడం

భుజం పైన ఎముక కొన పెరిగి రాసుకుంటోందని దాన్ని గీకే ఆపరేషన్‌కి మెనిస్కస్ కత్తిరింపు గతే పట్టింది. 2018లో బ్రిటన్, ఫిన్లాండ్ పరీక్షలు రెండూ అది ఉత్తుత్తి ఆపరేషన్‌కన్నా గమనించదగ్గ మేలు చేయలేదని చూపాయి. దీని జోలికి పోకుండా కొన్ని నెలలు వ్యాయామం చేయడమే మేలు.

భుజం కీలు చుట్టూ ఉండి చెయ్యి లేపే, తిప్పే కండరాల స్నాయువులే రొటేటర్ కఫ్. చిరిగిన కఫ్‌ని కుట్టే రిపేరు అలా తీసిపారేయదగ్గది కాదు. పడటం వల్లో గుంజుకోవడం వల్లో నిన్నటిదాకా బాగున్న చెయ్యి ఇవాళ లేవకపోతే త్వరగా కుట్టించుకోవాలి, ఆలస్యమైతే స్నాయువు వెనక్కి ముడుచుకుపోతుంది. వయసుతో మెల్లగా చిరిగినదానికి ముందు వ్యాయామం. అసలు ఫలితాన్ని తేల్చేది కుట్టు కాదు, కండరం నాణ్యత. ఎంఆర్‌ఐలో కండరం ఎంత మేర కొవ్వుగా మారిందో గ్రేడు ఇస్తారు. కండరం, కొవ్వు సమానమయ్యే మూడో గ్రేడుకి చేరితే ఎంత గట్టిగా కుట్టినా పట్టుకోదు. చిన్న చిరుగుల్లో కుట్టు తిరిగి ఊడటం తక్కువ, భారీ చిరుగుల్లో సగం దాకా ఊడుతుంది. విచిత్రమేమిటంటే ఊడినవారిలో చాలామందికి నొప్పి తగ్గే ఉంటుంది, బలం మాత్రం రాదు. కాబట్టి నొప్పి కోసం చేయించుకుంటున్నారా, బలం కోసమా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఊడటం ఎక్కువగా మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్, ఆ కాలంలో సొంతంగా చెయ్యి లేపకూడదు. మోచెయ్యి, మణికట్టు, వేళ్లు మాత్రం మొదటి రోజు నుంచే ఆడిస్తూ ఉండాలి. బరువుల వ్యాయామం పన్నెండు వారాల తర్వాతే. స్లింగ్ జారి మోచెయ్యి వెనక్కి పోకుండా, పడుకున్నప్పుడు మోచేతి కింద మడత పెట్టిన తువ్వాలు పెట్టాలి. మొదటి వారాలు వాలుకుర్చీలో నిద్రపోవడమే సుఖం.

భుజం ఆపరేషన్లకి మెడ దగ్గర ఇచ్చే నరం బ్లాక్ గురించి రెండు మాటలు. అది ఆ వైపు డయాఫ్రమ్‌ని (ఊపిరి పీల్చడానికి ముఖ్యమైన, ఛాతీ అడుగున ఉండే కండరం) కూడా కొన్ని గంటలు పడుకోబెడుతుంది, కాబట్టి ఊపిరితిత్తుల జబ్బు ఉంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పాలి. కనురెప్ప వాలడం, గొంతు బొంగురుపోవడం మందు దిగాక తగ్గిపోతాయి. బ్లాక్ వదిలే వేళ నొప్పి ఒక్కసారిగా ముంచుకొస్తుంది, అందుకే చెయ్యి ఇంకా మొద్దుబారి ఉండగానే నొప్పి మాత్ర వేసుకోవాలి.

పదేపదే జారే భుజం, భుజం కీలు మార్పిడి

భుజం కీలులో చేతి ఎముక బంతి ఒక గిన్నెలో కూర్చుంటుంది. అది జారిన ప్రతిసారీ గిన్నె అంచు ఎముక కొంత అరగొచ్చు. ఆ నష్టం 20 శాతం దాటితే చిరిగిన అంచుని కుట్టే బ్యాంకార్ట్ రిపేరు నిలవదు. పక్క ఎముక ముక్కని స్క్రూలతో బిగించే లాటార్జే కావాలి. అందులో మళ్లీ జారడం తక్కువ, నరం దెబ్బతినడం, స్క్రూ ఇబ్బందులు ఎక్కువ.

కఫ్ పోయి, కీలూ అరిగినవారికి రివర్స్ మార్పిడి నిజంగా జీవితాన్ని తిరిగి ఇస్తుంది. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాన్ 1980లలో రూపొందించిన ఈ పద్ధతిలో బంతిని గిన్నె వైపు, గిన్నెని చేతి ఎముక వైపు పెడతారు. దాంతో కఫ్ లేకపోయినా పై కండరం డెల్టాయిడ్ ఒక్కటే చెయ్యి ఎత్తగలుగుతుంది. చెయ్యి తల పైకి వెళ్తుంది కానీ నడుము వెనక్కి వెళ్లడం కష్టమవుతుంది. రెండో చెయ్యి కూడా బాగాలేనివారికి ఇది రోజువారీ శుభ్రతకే అడ్డు, ముందే ఆలోచించాలి. మొదటి మూడు నెలలు ఆ చేత్తో కుర్చీని నొక్కి లేవకూడదు, చెయ్యి వెనక్కి పోయి బరువు పడే ఆ భంగిమలోనే కీలు తప్పుతుంది. నెలల తర్వాత భుజం పై కొనలో కొత్తగా నొప్పి మొదలైతే అక్కడి ఎముకలో సన్నని పగులు వచ్చిందేమో చూడాలి, ఎక్స్‌రేలో అది తరచు దొరకదు, సీటీ కావాలి.

భుజంలో ఇన్ఫెక్షన్ తరచు మోకాలిలా మంటతో, చీముతో రాదు. మొటిమల్లో ఉండే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే క్రిమి చర్మపు నూనె గ్రంథుల్లో లోతుగా దాగి ఉండి కీలులోకి చేరుతుంది. చాలాసార్లు జ్వరం ఉండదు, ఒంట్లో వాపుని చూపే సీఆర్‌పీ రక్తపరీక్ష మామూలుగానే వస్తుంది, కారణం తెలియని నొప్పి, బిగుతు మాత్రం తగ్గవు. ఆపరేషన్ ముందు కొన్ని రోజులు బెంజాయిల్ పెరాక్సైడ్ పూస్తే చర్మం మీద దీని సంఖ్య తగ్గుతుంది. అనుమానంతో కీలులోంచి నమూనాలు తీస్తే ఒకటి కాదు, అయిదారు తీయాలి. ల్యాబ్ వాళ్లు మామూలుగా అయిదు రోజులకే "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు ఇచ్చేస్తారు. ఇది మెల్లగా పెరిగే క్రిమి. పద్నాలుగు రోజులు ఉంచమని పంపేటప్పుడే చీటీ మీద రాయించాలి.