పెట్టె మీద రాసిన 100 మెగాహెర్ట్జ్‌ను నమ్మి ఆసిలోస్కోప్ కొనకండి

నెల్లూరులో ఇంటి దగ్గరే చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ ప్రాజెక్టులు చేసుకునే నేను, 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ (అంటే సరిగా చూపగల పౌనఃపున్యాల హద్దు) ఉందని ప్రకటించిన ఒక రెండు ఛానళ్ల ఆసిలోస్కోప్‌ను, అంటే విద్యుత్ సంకేతాల ఆకారాన్ని తెర మీద చూపే పరికరాన్ని, ఆన్‌లైన్‌లో 11,500 రూపాయలకు కొని మోసపోయాను. అటువంటిదే కొనాలనుకునేవారు ముందుగా ఈ సంగతి తెలుసుకోవాలని రాస్తున్నాను.

మొదటి మూడు వారాలూ నాకు ఏ అనుమానమూ రాలేదు. ఇందుకూరుపేట వైపు మా బావమరిది రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగిపోతే ఫోన్‌కు కబురు పంపే పరికరమొకటి తయారు చేస్తున్నాను; అందులో నేను చూడవలసినవన్నీ 50 హెర్ట్జ్ కరెంటు సంకేతాలే కనుక ఎంత నాసిరకం స్కోప్‌లోనైనా అవి చక్కగానే కనిపిస్తాయి. వారం రోజుల వాపసు గడువు ఈలోగానే దాటిపోయింది.

ఆ తర్వాత మెమరీ కార్డుకు వెళ్లే 8 మెగాహెర్ట్జ్ క్లాక్‌ను, అంటే డేటా రాకపోకలకు తాళం వేసే సంకేతాన్ని, చూడబోతే, చతురస్రంగా ఉండవలసిన తరంగం గుండ్రటి సైన్ తరంగంలా కనిపించింది. తప్పు నాదేనేమోనని ప్రోబ్‌ను (సంకేతాన్ని స్కోప్‌కు అందించే తీగను) పరిశీలించాను, ఎందుకంటే ప్రోబ్ మీట 1ఎక్స్ వైపు, అంటే సంకేతాన్ని తగ్గించకుండా పంపే వైపు, ఉంటే మామూలుగా ఆరేడు మెగాహెర్ట్జ్‌కు మించి అందదు. కానీ అది సంకేతాన్ని పదో వంతుకు తగ్గించి పంపే 10ఎక్స్‌లోనే ఉంది. చివరికి బోర్డును ఒంగోలులో ఇన్వర్టర్లు బాగుచేసే మిత్రుడి దగ్గరకు తీసుకువెళ్లి, ఆయన పాత 50 మెగాహెర్ట్జ్ స్కోప్‌కు తగిలిస్తే అదే పిన్ను మీద అంచులు నిటారుగా, తల చదునుగా కనిపించాయి.

చతురస్ర తరంగంలో మూల పౌనఃపున్యంతో పాటు దానికి 3, 5, 7 రెట్ల పౌనఃపున్యాలు కలిసి ఉంటాయి. 8కి మూడు రెట్లయిన 24 మెగాహెర్ట్జ్ కూడా లోపలికి రానప్పుడే తెర మీద సైన్ మిగులుతుంది. అంటే 100 అని అమ్మిన సరుకులో దాని నాలుగో వంతు కూడా లేదన్నమాట. నిజమైన 100 మెగాహెర్ట్జ్ స్కోప్ 3.5 నానోసెకన్లలో పైకి లేచే అంచును చూపగలగాలి, ఆ పౌనఃపున్యం దగ్గర కూడా సైన్ ఎత్తులో 70 శాతం నిలపాలి.

కాబట్టి సరుకు అందిన రోజునే, 16 మెగాహెర్ట్జ్ మీద నడిచే ఏ ఆర్డుయినో (ప్రోగ్రామ్ చేసుకోగల చిన్న బోర్డు) నుంచైనా 8 మెగాహెర్ట్జ్ చతురస్ర తరంగాన్ని తీసి, 10ఎక్స్ ప్రోబ్‌తో, పొట్టి గ్రౌండ్ తీగతో చూసి, తెరను ఫొటో తీసి పెట్టుకోండి. కొనేముందైతే శాంపిల్ రేటు (సెకనుకు సంకేతాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క) రెండు ఛానళ్లూ పనిచేస్తున్నప్పటిదా, ఒక్కదానిదా అని రాతపూర్వకంగా అడగండి. చాలా స్కోపుల్లో రెండో ఛానల్ తెరవగానే అది సగానికి పడిపోతుంది. ఆడియో, కరెంటు పనులకు చవక స్కోప్ చాలునన్న మాట నిజమే, కానీ అప్పుడు 100 మెగాహెర్ట్జ్ పేరుకు అదనపు డబ్బు ఎందుకివ్వాలి?

అమ్మకందారు ‘గడువు ముగిసింది’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టడంతో, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు కనుక, అక్కడ తేలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండు స్కోపుల తెరల ఫొటోలనూ బిల్లుతో కలిపి సిద్ధంగా ఉంచాను.