వాలు కప్పు కారు: వారధి దాటాక తెలిసే గుణం

హ్యాచ్‌బ్యాక్‌గా మనందరికీ తెలిసిన ఒక మామూలు కారు అడుగు చట్రం (ప్లాట్‌ఫామ్) మీదనే, కప్పును వెనక్కి వాల్చి కట్టిన కూపే తరహా కారు ఏడు నెలలుగా మా ఇంట్లో ఉంది. ఇల్లు విజయవాడ పటమటలో, ఉద్యోగం గుంటూరులో కావడంతో వారానికి ఐదు రోజులు దీన్ని నేనే నడుపుతున్నాను. ఈ వాలు అందానికేనా, పనికి కూడానా అన్న సంగతి గురించే ఈ సమీక్ష.

ఊళ్లో దీనివల్ల లాభం లేదు. బెంజి సర్కిల్ దగ్గర 20, 30 వేగంతో పాకే కారుకు గాలి పెద్ద అడ్డంకి కాదు. ఇంధనమంతా బరువును కదిలించడానికీ, పదేపదే ఆగి బయలుదేరడానికీ పోతుంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 60లో ఉన్నదానికి 90లో రెండుంబావు రెట్లవుతుంది. కాబట్టి కనకదుర్గ వారధి దాటి, మంగళగిరి వెనకబడ్డాకే ఈ కారు తన గుణం చూపిస్తుంది. ట్యాంకు నింపించిన ప్రతిసారీ లెక్క రాసుకున్నాను. హైవే మీద 90 దగ్గర నిలకడగా నడిపిన వారాల్లో మా పాత హ్యాచ్‌బ్యాక్ కన్నా లీటరుకు కిలోమీటరు పైచిలుకు ఎక్కువే వచ్చింది. అందులో ఇంజను వాటా ఎంతో, ఆకారం వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఆకారం పనిచేస్తోందన్న నమ్మకం మాత్రం ఒక వాన రోజున కలిగింది. కాజ టోల్‌గేటు దగ్గర వెనక అద్దం మీద కదలకుండా నిలిచిన చినుకులు, వేగం 80 దాటగానే వరుసలు కట్టి వెనక్కి పరుగెత్తి, డిక్కీ మూత చివర కాస్త పైకి లేచిన అంచు దగ్గర తెగిపోయాయి. గాలి కప్పును విడవకుండా ఆ అంచు దాకా వచ్చి, అక్కడ ఒక్కసారిగా విడిపోతోందన్నమాట. నిలువుగా తెగినట్టుండే హ్యాచ్‌బ్యాక్ వెనక గాలి సుడి తిరిగి, బురదనంతా అద్దానికే పూస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1939లో జర్మనీలో మెర్సిడెస్ 170హెచ్ ఛాసిస్ మీద కట్టిన ష్లోర్ ప్రయోగ వాహనం గాలిని అద్భుతంగా చీల్చుకుపోయినా, పక్కగాలికి నిలకడ తప్పేది. 1989లో ఒపెల్ తన వెక్ట్రా నుంచి తీసిన కాలిబ్రా కూపే నిరోధక గుణకాన్ని (ఆకారం గాలికి ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 0.26కు దించి, రోజువారీ వాడకానికీ పనికొచ్చింది. నా కారు కూడా వారధి మీద కృష్ణా నది గాలికి తూలదు. ఆ విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది.

మూల్యం చెల్లించేది వెనక కూర్చున్నవారే. తలుపు పైఅంచు కిందికి దిగడంతో నడుం వంచితే గాని లోపలికి వెళ్లలేరు. మొదటిసారి ఎక్కినప్పుడు అమ్మ కొప్పులోని మల్లెచెండు కప్పుకు ఒరుసుకుని, సగం పూలు సీటు మీద రాలాయి. ఐదడుగుల పదకొండంగుళాల మా తమ్ముడు తల పక్కకు వంచి కూర్చోవలసి వస్తోంది. రివర్స్ చేసేటప్పుడు వెనక అద్దంలోంచి సన్నని చీలికంతే కనిపిస్తుంది కనుక కెమెరా లేని మోడల్ వద్దని గట్టిగా చెబుతాను.

ఎక్కువగా ఒక్కరో ఇద్దరో హైవే మీద తిరిగేవారు నిస్సందేహంగా కొనవచ్చు. పెద్దలున్న ఇంటివారు మాత్రం టెస్ట్ డ్రైవ్‌కు వాళ్లను వెంటబెట్టుకెళ్లి, మొదట వెనక సీట్లో కూర్చోబెట్టాలి. నేను ఆ పని చేయలేదు. అమ్మ ఇప్పుడు ముందు సీట్లోనే కూర్చుంటోంది.