ఆదిమానవుడి బతుకు తెలియాలంటే నేటి వేటగాళ్లను చూడాలా, పాత ఎముకలనే తవ్వాలా?

"వేటాడి, దుంపలూ కాయలూ ఏరుకుని బతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కదా, వాళ్లను చూస్తే పాతరాతియుగం తెలిసిపోదా?" అని చాలామంది అడుగుతుంటారు. వాళ్లలో ఏం చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది.

నేటివాళ్లను నాటివాళ్ల నకలుగా చూడటం ఒక దారి. దానివల్ల మేలు జరగలేదని అనను. 1960లలో మానవశాస్త్రవేత్త రిచర్డ్ లీ ఆఫ్రికా దక్షిణాన కలహారి ఎడారిలో వేటాడి, ఏరుకుని బతికే సాన్ ప్రజల తిండిని తూకం వేసి లెక్కగట్టాడు. అందులో ఎక్కువ భాగం మొంగొంగో గింజల లాంటి ఏరి తెచ్చుకునే తిండే. మగవాడి వేటతోనే అందరి కడుపూ నిండేదన్న నమ్మకం దాంతో కదిలిపోయింది. చిక్కల్లా ఆ లెక్కను ముప్పై వేల ఏళ్ల వెనక్కి మోసుకెళ్లడంలోనే ఉంది. సాన్‌లకు పశువుల కాపరులతో శతాబ్దాల నాటి పరిచయం. టాంజానియాలో హద్జా అనే వేటగాళ్ల తెగవాళ్లు బాణం ములికిని ఇనుప మేకు సాగగొట్టి చేసుకుంటారు. పైగా నీళ్లున్న మంచి నేలలు చాలావరకు రైతుల పాలయ్యాయి, వీళ్లకు మిగిలినవి ఎడారులూ మంచు నేలలూ.

పోనీ, తవ్వి తీసినవే చాలనుకుందామా? అవి నోరు విప్పవు. ఫ్రాన్స్‌లోని పాన్సవాన్‌లో మంచుయుగం చివర్లో రెయిన్‌డీర్లను వేటాడినవాళ్ల నెగళ్లు మూడు బయటపడితే, వాటిపై మూడు గుడారాలు కలిపి వేసి ఉంటారని తవ్విన లెర్వా-గూరాన్ అన్నాడు. నెగళ్లు చెప్పిన మాట కాదది, ఆయన ఊహ.

నా ఓటు మూడో దారికి: నేటివాళ్ల పనులు ఎలాంటి గుర్తులు మిగులుస్తాయో చూసి, వాటితో పాత గుర్తులను చదవడం. పురావస్తు శాస్త్రవేత్త లూయిస్ బిన్‌ఫర్డ్ అలాస్కాలో నునామియుట్ అనే తెగ వేటగాళ్ల పక్కనే కూర్చుని, వాళ్లు ఎముకలు ఎక్కడ పడేస్తున్నారో చూశాడు. మూలుగ కోసం ఎముక పగలగొడితే చిన్న ముక్కలు కాళ్ల దగ్గరే రాలతాయి. పెద్దవాటిని మాత్రం నెగడు అవతలికో, భుజం మీదుగా వెనక్కో విసురుతారు. గుడారంలో ఎవరూ అలా విసరరు, పడుకునే చోటు కదా! ఆ కొలతతో చూసి, పాన్సవాన్ నెగళ్లలో రెండు ఆరుబయటివే అన్నాడు. గాలి మళ్లి పొగ మొహాన కొడితే ఇటు తిరిగి కూర్చుని ఇంకో నెగడు వేసుకున్నారట. పొగకి కళ్లు మండటం ఏ కాలంలోనైనా ఒకటే. నమ్మకాలు, బంధుత్వాలు అలా కావు. అందుకే గుహ గోడల మీద బొమ్మలెందుకు వేశారన్న దగ్గర ఈ దారి కూడా ఆగిపోతుంది.

వేరే దారులూ లేకపోలేదు. చింపాంజీలతో పోలిక ఇంకా లక్షల ఏళ్లు వెనక్కి వెళ్లేవాళ్లకు. రాళ్లు స్వయంగా చెక్కి చూడటం పనిముట్ల వరకూ బాగానే పనికొస్తుంది.