పిల్లల యాత్రకు డబ్బు కట్టేముందు తిరిగొచ్చే బస్సు ఏదో అడగండి

కర్నూలులో పిల్లలను చదివించుకుంటున్న తల్లిదండ్రులందరి కోసం ఇది రాస్తున్నాను. బడులు యాత్రలు పెట్టే రోజులివి. డబ్బు కట్టమని ఇంటికి కాగితాలు వస్తాయి. మేమూ కట్టాం.

జనవరి మొదటి వారంలో మా అమ్మాయి చదివే ఏడో తరగతి పిల్లలను, మొత్తం 44 మందిని, రెండు రోజుల యాత్రకు తీసుకెళ్లారు. మొదటి రోజు బెలుం గుహలు, ఆ రాత్రి గండికోటలో బస. మర్నాడు కోట, పెన్నా లోయ చూపించి రాత్రి ఎనిమిదింటికల్లా బడి గేటు దగ్గర దింపుతామన్నారు. బస్సు, భోజనం, బస అన్నీ ఒక ట్రావెల్స్ వారివి. తలకు 2,800 రూపాయలు. తెల్లవారుజామున ఐదింటికి వెళ్లి పిల్లలను మేమే ఎక్కించాం. కొత్త బస్సు, ఇద్దరు డ్రైవర్లు. నిశ్చింతగా ఇంటికి వచ్చాం.

మర్నాడు రాత్రి ఎనిమిది దాటింది, తొమ్మిది దాటింది, బస్సు జాడ లేదు. టీచరు ఫోను ఆగిపోయింది. ట్రావెల్స్ మనిషికి ఫోను చేస్తే ‘నంద్యాల దాటారు, అరగంటలో వస్తారు’ అన్నాడు. పదింటికీ అదే మాట, పదకొండింటికీ అదే మాట. మూసేసిన మందుల దుకాణం మెట్ల మీద చలిలో కూర్చున్నాం. ఒక తాతగారు మనవడి కోసం ఫ్లాస్కులో పాలు తెచ్చారు. చల్లారిపోతున్నాయని రెండుసార్లు ఇంటికి వెళ్లి కాచి తెచ్చారు.

బస్సు రెండున్నరకు వచ్చింది. అది మేము పిల్లలను ఎక్కించిన బస్సు కాదు. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు.

ఆ రాత్రి మా అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ముక్కలుముక్కలుగా చెప్పింది. శబరిమల వెళ్లేవాళ్ల బేరం వచ్చిందని కొత్త బస్సును గండికోట నుంచే పంపేశారట. దాని బదులు వచ్చిన పాత బస్సు టైరు ఆళ్లగడ్డ దాటాక పేలిపోయింది. స్టెపినీ కూడా అరిగిపోయి ఉంది. ఇంకో టైరు తెప్పించేదాకా దాదాపు మూడు గంటలు పిల్లలు జాతీయ రహదారి పక్కన చీకట్లో నిలబడ్డారు. అంటే మాకు ‘నంద్యాల దాటారు’ అని చెబుతున్నప్పుడు వాళ్లు నంద్యాల చేరనే లేదు. మళ్లీ బయలుదేరాక డ్రైవరు రెండు చోట్ల ఆపి ముఖం కడుక్కున్నాడు. టీచరు అతని పక్కన కూర్చుని, నిద్రపోకుండా మాట్లాడిస్తూనే ఉన్నారట. ఆమె లేకపోతే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తోంది.

అమ్మాయి చెప్పిన ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. వెనుక అత్యవసర ద్వారానికి అడ్డంగా ఒక సీటు బిగించారు. తను కూర్చున్నది ఆ సీటులోనే. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున మన ఊరి పక్కనే, చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. మా పిల్లలు యాత్రకు వెళ్లేనాటికి అది జరిగి మూడు నెలలైనా కాలేదు. అయినా 44 మంది పిల్లలను, అత్యవసర ద్వారం మూసుకుపోయిన బస్సులో అర్ధరాత్రి తిప్పారు.

గేటు దగ్గర తీసిన ఫొటోలో బస్సు నంబరు ఉంది. బండి నంబరు వేస్తే దాని వివరాలు చూపే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో వేసి చూశాను. బస్సు నడపడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ పత్రం గడువు నవంబరులోనే తీరిపోయింది. ఎనిమిదేళ్లు దాటిన బస్సుకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. ఈ వెతుకులాటకు నాకు పట్టింది రెండు నిమిషాలు. డబ్బు కట్టేముందు చేయాల్సిన పని అన్నీ అయ్యాక చేశాను.

కాబట్టి మీరు బస్సు బాగుందా అని అడిగి ఊరుకోకండి. వెళ్లే బస్సు నంబరు, తిరిగొచ్చే బస్సు నంబరు రెండూ కాగితం మీద రాయించుకోండి. మధ్యలో మారిస్తే ముందుగా తెలపాలని కూడా రాయించండి. ఫిట్‌నెస్, బీమా, పర్మిట్ మీరే చూసుకోండి. రెండో డ్రైవరు తిరుగు ప్రయాణంలోనూ ఉంటాడా అని ప్రత్యేకంగా అడగండి. చట్టం ప్రకారం డ్రైవరు సాధారణ పనివేళలు రోజుకు ఎనిమిది గంటలు మించకూడదు. రసీదు మీద ట్రావెల్స్ పేరు, చిరునామా ఉండాలి. మాకిచ్చిన చీటీలో ‘యాత్ర రుసుము’ అని తప్ప ఇంకేమీ లేదు. అందుకే ఇప్పుడు బడివాళ్లు ట్రావెల్స్ వారిని అడగమంటున్నారు, ట్రావెల్స్ వారు బడిని అడగమంటున్నారు.

మేము సంతకం చేసిన అంగీకార పత్రంలో ‘యాత్రలో ఏం జరిగినా సంస్థకు బాధ్యత లేదు’ అని ఉందట. అదే చూపించి నోరు మూయించాలని చూస్తున్నారు. చెప్పిన బస్సు ఇవ్వకపోవడం సేవా లోపం. ఆ సంతకం వల్ల ఫిర్యాదు చేసే హక్కు పోదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము కూడా ఉండదు. మేము పదకొండు మంది తల్లిదండ్రులం కలిసి ఫిర్యాదు రాస్తున్నాం. రవాణా శాఖ కార్యాలయంలో బస్సు ఫొటో ఇచ్చి వచ్చాం.

ఈ లోగా అదే ట్రావెల్స్‌తో ఎనిమిదో తరగతి పిల్లల యాత్రకు కాగితాలు పంచారు. శుక్రవారంలోగా డబ్బు కట్టాలట. బస్సు నంబరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.