గ్లాక్‌కి మైక్రో కన్వర్షన్ కిట్: చేతికి నిలకడ వస్తుంది, తూటాకి బలం రాదు

పిస్టల్‌ని కార్బైన్‌గా (భుజానికి ఆనించి పేల్చే పొట్టి రైఫిల్‌గా) మారుస్తామని చెప్పే కిట్లు అమెరికా మార్కెట్లో రెండు రకాలున్నాయి. రెండింటికీ పేరు ఒకటే కావడంతో ఒకటి అనుకుని ఇంకొకటి కొనేవాళ్లు చాలామంది. మొదటిది తొడుగు రకం. ఇందులో పిస్టల్ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, దాన్ని ఒక పాలిమర్ చట్రంలో బిగిస్తారు. ఇజ్రాయెల్ కంపెనీ సీఏఏ చేసే మైక్రో కన్వర్షన్ కిట్ (ఎంసీకే), అదే దేశానికి చెందిన రికవర్ టాక్టికల్ 20/20 ఈ రకానివి. రెండోది పై భాగాన్నే మార్చేసే రకం. మోంటానాలోని మెక్‌టెక్ సిస్టమ్స్ యూనిట్ అలాంటిది. స్లైడ్ (పేల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పై భాగం), బ్యారెల్ (గొట్టం) తీసేసి, 16 అంగుళాలు దాటిన బ్యారెల్, బరువైన బోల్టు, స్టాకు (భుజానికి ఆనించే భాగం) ఉన్న యూనిట్‌ని పిస్టల్ ఫ్రేము మీద ఎక్కిస్తారు. పనితీరులోనూ చట్టంలోనూ ఈ రెండింటికీ పోలికే లేదు.

ఈ సమీక్ష ముఖ్యంగా గ్లాక్ కంపెనీ పిస్టళ్లు గ్లాక్ 17, 19లకి వచ్చే ఎంసీకే గురించి.

ముందు ఆశలు ఎక్కడ పెట్టుకోవాలో చూద్దాం. గ్లాక్ 19 బ్యారెల్ 102 మిల్లీమీటర్లు, గ్లాక్ 17ది 114. తొడుగులో పెట్టినా బ్యారెల్ పొడవు అంతే. కాబట్టి తూటా వేగం ఒక్క అడుగు కూడా పెరగదు. 124 గ్రెయిన్ల మామూలు 9 ఎం.ఎం. తూటా ఈ బ్యారెల్ నుంచి సెకనుకి రమారమి 1,100 అడుగుల వేగంతో వెళ్తుంది. అదే తూటాని 16 అంగుళాల బ్యారెల్ నుంచి పేలిస్తే, వాడే మందుని బట్టి 100 నుంచి 200 అడుగులు అదనంగా వస్తాయి. ఆ అదనం కావాలంటే తొడుగు రకం పనికిరాదు. తొడుగు ఇచ్చేదల్లా నిలకడ: రెండు చేతులకి తోడు మూడో ఆనిక దొరుకుతుంది, పైన కదలని పట్టా మీద రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపించే అద్దం) పెట్టుకోవచ్చు. ఒట్టి పిస్టల్‌తో 25 గజాల దగ్గర కాగితం మీద గుళ్లు చెల్లాచెదురయ్యేవాళ్లకి ఇది వెంటనే కనిపించే మార్పు. 50 గజాల దగ్గర ఇనుప పళ్లెం కొట్టడం సాధ్యమయ్యే పనిగా మారుతుంది. తన్ను (పేల్చినప్పుడు వెనక్కి తగిలే దెబ్బ) కూడా తగ్గుతుంది. దానికి కారణం బరువే. పిస్టల్, నిండు మ్యాగజైన్, డాట్, కిట్ అన్నీ కలిపితే రెండు కిలోల దగ్గరికి వస్తుంది.

కొనేముందు మోడల్ సరిచూసుకోండి. చట్రం పిస్టల్‌ని పట్టుకునేది ముందున్న యాక్సెసరీ రైలు (లైటు లాంటివి తగిలించే గాడి) దగ్గర. రైలు లేని పాత మొదటి, రెండో తరం గ్లాక్‌లకీ, పొట్టి గ్లాక్ 26కీ ఇది కుదరదు. సన్నటి 43, 43ఎక్స్, లావాటి 20, 21 కూడా ఇందులో కూర్చోవు. పాయింట్ 40 తూటా వాడే 22, 23లలో ఐదో తరం వాటి స్లైడు పాతవాటికన్నా వెడల్పు. "పాయింట్ 40కి సరిపోతుంది" అన్న మాట విని తీసుకోవద్దు, తరం నంబరుతో సహా పెట్టె మీద రాసి ఉండాలి. పిస్టల్‌కి లైటు తగిలించి ఉంటే తీసేయాలి, రైలు చోటంతా కిట్‌కే పోతుంది.

బిగించడం తేలికే. మ్యాగజైన్ బయటికి తీయాలి. స్లైడు వెనక్కి లాగి లాక్ చేసి, చాంబర్‌లోకి కంటితో చూసి, వేలు పెట్టి కూడా తడిమి చూడాలి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టాలి. స్లైడు వెనక గీతల మీద లాగుడు పిడి బిగించాలి. ఎందుకంటే తొడుగులోకి వెళ్లాక స్లైడు చేతికి అందదు. వెనక గొళ్లెం తెరిచి, పిస్టల్‌ని లోపలికి తోసి, గొళ్లెం మూయాలి. సగం పడిన గొళ్లెం కూడా పడినట్టే కనిపిస్తుంది కాబట్టి, మూసిన తర్వాత గ్రిప్పు పట్టుకుని గట్టిగా ఒకసారి లాగి చూడాలి. ఖాళీ ఆయుధంతోనే పిడిని పదిసార్లు లాగి వదిలి, ఎక్కడా రాసుకోకుండా స్లైడు పూర్తిగా ముందుకి వస్తోందో లేదో గమనించాలి. మ్యాగజైన్ తనంతట తను జారిపడుతోందా, స్లైడు లాక్ మీటకి బొటనవేలు అందుతోందా అన్నవి కూడా అప్పుడే తేలిపోతాయి.

ఈ కిట్లలో అసలు బలహీనత ఆ లాగుడు పిడి. ప్రతి తూటాకీ స్లైడుతో పాటు అదీ వెనక్కి దూసుకెళ్లి, ముందుకొచ్చి కొట్టుకుంటుంది. బిగింపు కొద్దిగా వదులైతే చాలు, పిడి అర మిల్లీమీటరు వెనక్కి జారుతుంది, ఆ తర్వాత ఇంకాస్త, చివరికి వంకరగా తిరిగి చట్రం గాడిలో ఇరుక్కుంటుంది. అప్పుడు స్లైడు సగంలో ఆగిపోతుంది. లోపల తూటా ఉండగా ఇలా జరిగితే పిస్టల్‌ని బయటికి తీయడం కూడా కష్టం. అందుకే స్క్రూలున్న పిడి అయితే మరలకి నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ఎర్రది వద్దు, దాన్ని మళ్లీ విప్పాలంటే వేడి చేయాలి, పాలిమర్ పాడవుతుంది. వేసేముందు మరల మీద నూనె లేకుండా తుడవాలి. ఒక రోజంతా ఆరనిచ్చి, స్క్రూ తల నుంచి పిడి మీదకి తెల్ల పెయింటుతో సన్నటి గీత గీయండి. గీత రెండు ముక్కలుగా కనిపించిన రోజు స్క్రూ కదిలినట్టు. రేంజిలో ప్రతి మ్యాగజైన్ తర్వాత ఆ గీత మీద ఒక చూపు వేయడం అలవాటు కావాలి.

పిడి వల్ల ఇంకో చిక్కుంది. స్లైడు బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే వెనక్కి వెళ్లే వేగం తగ్గుతుంది. మెత్తటి 115 గ్రెయిన్ల చవక తూటాలు వాడితే ఖాళీ కేసు పూర్తిగా బయటపడకుండా కిటికీలో (ఖాళీ కేసు బయటికొచ్చే సందులో) నిలువుగా ఇరుక్కోవడం దీని వల్లే. చాలామంది మ్యాగజైన్‌నో, ఖాళీ కేసుని లాగే ఎక్స్‌ట్రాక్టర్‌నో తిట్టుకుంటారు. ముందు 124 గ్రెయిన్ల పూర్తి బలం ఉన్న తూటాలతో ప్రయత్నించండి. ఇరుక్కోవడం ఆగితే సమస్య పిడి బరువుదే. స్ప్రింగు మార్చడం మాత్రం మంచి దారి కాదు. మెత్తటి స్ప్రింగు వేస్తే అదే పిస్టల్ తొడుగు లేనప్పుడు స్లైడుని ఫ్రేముకేసి బాదుతుంది.

గురి విషయానికి వద్దాం. పిస్టల్ సొంత సైట్లు తొడుగులో మునిగిపోతాయి, రెడ్ డాట్ ఖర్చు ముందే కలుపుకోవాలి. డాట్ బ్యారెల్‌కన్నా చాలా ఎత్తులో కూర్చుంటుంది. ఆ ఎత్తు 2.5 అంగుళాలనుకుందాం. 25 గజాల దగ్గర జీరో చేస్తే (గుండు సరిగ్గా చుక్క మీదే తగిలేలా సరిచేస్తే), 5 గజాల దగ్గర గుండు చుక్కకన్నా 2 అంగుళాలు కింద తగులుతుంది, 10 గజాల దగ్గర అంగుళంన్నర. దగ్గర లక్ష్యాల మీద "కిట్ కిందకి కొడుతోంది" అని డాట్ తిప్పేసేవాళ్లు ఈ లెక్క చూడాలి. డాట్ చట్రం మీద ఉంటుంది, బ్యారెల్ పిస్టల్‌లో ఉంటుంది, రెండింటి మధ్యా గొళ్లెం పట్టు ఒక్కటే ఆధారం. పిస్టల్ తీసి మళ్లీ పెట్టినప్పుడల్లా జీరో కాస్త జరుగుతుంది. కాగితం మీద రంధ్రాలు కలవాలని చూసేవాళ్లకి ఇది చిరాకే. పళ్లేలు కొట్టేవాళ్లకి పట్టింపు ఉండదు. ఏదేమైనా మళ్లీ బిగించిన ప్రతిసారీ ముందు ఐదు తూటాలు కాగితం మీద వేసి చూడాల్సిందే.

ట్రిగ్గర్‌లో ఏ మార్పూ ఉండదు, అదే పిస్టల్ ట్రిగ్గర్.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఎడమ చెయ్యి. రైఫిల్ అలవాటున్నవాళ్ల చెయ్యి తనకి తెలియకుండానే ముందుకి జారుతుంది. రైఫిల్‌కి ముందు ఇంకా బ్యారెల్ ఉంటుంది, ఇక్కడ చట్రం చివరే బ్యారెల్ చివర. చెయ్యి రెండు అంగుళాలు ముందుకి జారితే వేళ్లు గొట్టం ముందు ఉంటాయి. ఎంసీకే ముందు భాగంలో మ్యాగజైన్ పెట్టుకునే చోటుంది, దాని వెనకే చెయ్యి ఉండాలని మనసుకి గట్టిగా చెప్పుకోవాలి. ఖాళీ ఆయుధంతో ఇంట్లో ఆ పట్టు సాధన చేశాకే రేంజికి వెళ్లాలి. చెంప ఆనించినప్పుడు కిటికీ ముఖానికి దగ్గరవుతుంది, కాలని మందు రేణువులు, పొగ కళ్లలోకి కొడతాయి. పక్కలు కూడా మూసిన కళ్లద్దాలు తప్పనిసరి. రికవర్ 20/20లో స్లైడు వెనక భాగం తెరిచే ఉంటుంది కాబట్టి అక్కడ బొటనవేలు ఎత్తి పెడితే పిడి వచ్చి కొడుతుంది.

చట్టం దగ్గర చిన్న తప్పు కూడా పెద్ద కేసవుతుంది. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం, భుజానికి ఆనించి పేల్చేలా చేసిన రైఫిల్‌కి బ్యారెల్ 16 అంగుళాలకన్నా, లేదా మొత్తం పొడవు 26 అంగుళాలకన్నా తక్కువైతే అది షార్ట్ బ్యారెల్ రైఫిల్. ఎంసీకేని స్టాకుతో కాకుండా ముంజేతికి కట్టుకునే బ్రేస్‌తో అమ్మేది అందుకే. బ్రేస్ ఉన్న పిస్టళ్లని రైఫిళ్లుగా లెక్కించే నిబంధనని తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ 2023లో తెచ్చింది, 2024 జూన్‌లో టెక్సస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. బ్రేస్ తీసి స్టాకు తగిలించాలంటే మాత్రం ముందే ఏటీఎఫ్‌కి ఫారం 1 దరఖాస్తు పెట్టి, అనుమతి చేతికొచ్చాకే బిగించాలి. దీని మీద ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. పన్ను పోయినంత మాత్రాన నమోదు పోలేదు, వేలిముద్రలూ ఫొటోలూ అన్నీ ఉన్నాయి. పొట్టి పిస్టల్ కిట్‌కి నిటారు ముందు పిడి తగిలించడం ఇంకో ఉచ్చు. అలా చేస్తే దాన్ని ఏటీఎఫ్ ఇదే చట్టంలోని వేరే వర్గంలోకి చేరుస్తుంది.

పొడవాటి బ్యారెల్ యూనిట్‌కి ఈ బాధలు లేవు. పిస్టల్‌ని 16 అంగుళాల రైఫిల్‌గా మార్చి మళ్లీ పిస్టల్‌గా చేసుకోవచ్చా అన్న అనుమానాన్ని ఏటీఎఫ్ 2011లో ఇచ్చిన 2011-4 రూలింగుతో తీర్చేసింది: చేసుకోవచ్చు. దానికి ముందు 1992లో థాంప్సన్ సెంటర్ కేసులో, 10 అంగుళాల పిస్టల్‌నీ 21 అంగుళాల బ్యారెల్, స్టాకు ఉన్న కిట్‌నీ కలిపి ఒకే పెట్టెలో అమ్మినంత మాత్రాన అది షార్ట్ బ్యారెల్ రైఫిల్ కాదని సుప్రీంకోర్టు తేల్చింది. పొట్టి బ్యారెల్‌తో పాటు స్టాకు కలిసి ఉన్న క్షణం ఒక్కటి కూడా రాకూడదు, అంతే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఇంకో సంగతి ముందే తెలుసుకోవాలి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రేంజిలో అద్దెకి తీసుకున్నా, స్నేహితుడి పిస్టల్ పట్టుకున్నా లెక్కలోకి వస్తుంది. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు, ఆ పైన వీసా, గ్రీన్ కార్డు ఆశలూ పోతాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, కాలిఫోర్నియాలలో మ్యాగజైన్‌లో 10 తూటాలకి మించకూడదు. అసాల్ట్ వెపన్ నిర్వచనాలు కూడా కఠినం, అక్కడ కొనేముందు లాయర్‌ని అడగండి. టెక్సస్ నియమాలు అక్కడ చెల్లవు. ఇక ఇండియాలో 9×19 (ఈ 9 ఎం.ఎం. తూటానే) ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధిత కొలత, మామూలు లైసెన్సు మీద దొరికేది పాయింట్ 32 పిస్టల్. ఈ కిట్‌ని సూట్‌కేసులో పడేసి తీసుకెళ్లే ఆలోచనే రావద్దు.

మిగతా వాటితో పోలిస్తే, రికవర్ 20/20 తేలిక, చవక. అయితే రెండు చెక్కల్లా పిస్టల్ చుట్టూ అలెన్ స్క్రూలతో బిగించేది, ఎంసీకేలా క్షణంలో విడిపోదు. మెక్‌టెక్ యూనిట్ బరువు, ఖరీదు ఎక్కువే, వేగం మాత్రం నిజంగా పెరుగుతుంది.

ఒక్క పిస్టలే ఉండి, దాన్నే రేంజిలో నిలకడగా వాడాలనుకునేవాళ్లకి ఎంసీకే బాగుంటుంది. అసలు కార్బైనే కావాలంటే కిట్ జోలికి వెళ్లకండి. కెల్‌టెక్ సబ్ 2000 మధ్యకి మడుచుకుంటుంది, రెండు కిలోల లోపే ఉంటుంది, బ్యారెల్ 16 అంగుళాలు దాటి ఉంటుంది కాబట్టి బ్రేస్ గొడవ లేదు. రూగర్ పీసీ కార్బైన్ ఇంకాస్త బరువు, సుమారు మూడు కిలోలు, కానీ ట్రిగ్గర్ మెరుగు, రెండు ముక్కలుగా విడిపోతుంది. కిట్, మంచి డాట్ రెండూ కలిపి అయ్యే ఖర్చుకి సబ్ 2000 దగ్గరదగ్గరగా వచ్చేస్తుంది. పైగా ఈ రెండు కార్బైన్లూ గ్లాక్ మ్యాగజైన్లని తీసుకోగలవు, సబ్ 2000 కొనేటప్పుడు గ్లాక్ వెర్షనేనా అని చూసుకుంటే ఇంట్లో ఉన్నవే వాడుకోవచ్చు.